నగర కౌన్సిల్‌లో ఆడిట్ అడిగే హక్కు ఎవరిది? ఈ పేచీని మొదటి నుంచి చివరిదాకా తేల్చుకునే మార్గదర్శి

సమావేశంలో ఒక కౌన్సిలర్ లేచి, "నీటి నిధి లెక్కల మీద ఆడిట్ చేయించాలి" అంటారు. "ఒక్క సభ్యుడు అడిగితే చేయించేది కాదు" అంటారు మేయర్. "ఏటా ఆడిట్ జరుగుతూనే ఉంది కదా" అని సిటీ మేనేజర్ (నగర రోజువారీ పాలన నడిపే ఉన్నతోద్యోగి) అందుకుంటారు. నగర న్యాయవాదిని అడిగితే "పరిశీలించి చెబుతాను" అని కాగితాల్లోకి తల దించుకుంటారు. గంటసేపు రగడ నడుస్తుంది. ఆ గంట చివరికి నీటి నిధి సంగతి ఎవరికీ గుర్తుండదు, ఎవరి మాట నెగ్గిందన్నదే మిగులుతుంది.

ఇలాంటి గొడవల్లో సగం చట్టం తెలియక పుడతాయి. మిగతా సగం అడిగిన తీరు వల్ల పుడతాయి. ఈ మార్గదర్శి ప్రధానంగా కౌన్సిల్ సభ్యుల కోసం రాసినది. సభ బయటి పౌరులకూ పనికొచ్చే దారులు ఇందులో ఉన్నాయి, అవి చివర్లో వస్తాయి. కానీ మొదటి రెండు మెట్లు దాటకుండా అక్కడికి వెళ్లకండి.

మెట్టు 1: ఏం తెలియాలో ఒక్క వాక్యంలో రాసుకోండి

"లెక్కలన్నీ తనిఖీ చేయాలి" అనేది కోరిక మాత్రమే. దాన్ని ప్రశ్నగా మార్చాలి. "గత మూడేళ్లలో నీటి బిల్లుల మీద వసూలైన సొమ్ము ఎంత, అందులో నీటి నిధి ఖాతాకు చేరింది ఎంత, తేడా ఉంటే అది ఏ ఖాతాకు వెళ్లింది?" అంటే ప్రశ్న. "టెండర్ పిలవకుండా ఇచ్చిన పనులు ఎన్ని, వాటికి మంజూరు సంతకం ఎవరిది?" అన్నా ప్రశ్నే. వాక్యం పూర్తయ్యేసరికి మీకు కావాల్సింది అసలు ఆడిట్ అవునో కాదో తెలిసిపోతుంది. చాలాసార్లు రెండు బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఒక లెడ్జర్ ప్రతి చేతికొస్తే చాలు.

ఆడిటే కావాలని తేలితే, ఏ రకం ఆడిట్ అనే ప్రశ్న వస్తుంది. తెలుగులో అన్నిటినీ కలిపి ఆడిట్ అనేస్తాం కానీ లోపల చాలా తేడా ఉంది. ఏటా జరిగే ఆర్థిక ఆడిట్ ఒక్క సంగతే చెబుతుంది: నగరం ప్రకటించిన లెక్కల్లో చెప్పుకోదగ్గంత పెద్ద తప్పులు లేవని ఆడిటర్‌కు సహేతుకమైన నమ్మకం కలిగిందా లేదా. వాళ్లు ప్రతి ఓచరూ చూడరు, కొన్ని ఎంచుకుని చూస్తారు. నిబంధనల ఆడిట్ చట్టం ప్రకారం ఖర్చు పెట్టారా అని చూస్తుంది. పనితీరు ఆడిట్ పెట్టిన డబ్బుకు తగిన పని జరిగిందా అని చూస్తుంది. ఫోరెన్సిక్ ఆడిట్ మోసం అనుమానం ఉన్నచోట, కోర్టులో నిలబడే ఆధారాల కోసం తవ్వుతుంది. దానికి ఖర్చూ ఎక్కువే, టైమూ ఎక్కువే. ఇవేవీ కాకుండా, "ఈ ఐదు తనిఖీలు చేసి, కనపడింది కనపడినట్టు రాయండి" అని ముందే ఒప్పుకుని చేయించే చిన్న పని కూడా ఉంటుంది. నా ఉద్దేశంలో మొదటి అడుగుగా చాలా నగరాలకు ఇదే సరిపోతుంది. ఎవరూ పెద్దగా అడ్డుపడరు, ఫలితం త్వరగా వస్తుంది.

"ఏటా ఆడిట్ జరుగుతోంది కదా" అనే వాదన ఎంత బలహీనమో తెలియాలంటే అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉన్న డిక్సన్ కథ చూడాలి. సుమారు 16 వేల జనాభా ఉన్న చిన్న పట్టణం అది. దాని కంప్ట్రోలర్, అంటే లెక్కల ప్రధాన అధికారి, రీటా క్రండ్‌వెల్ 1990లో నగరం పేరుతో ఒక రహస్య బ్యాంకు ఖాతా తెరిచింది. చూస్తే మురుగునీటి పనుల రిజర్వు ఖాతా అనిపించేలా దానికి పేరు పెట్టింది. రాష్ట్ర ప్రభుత్వం పంపినట్టు దొంగ బిల్లులు తయారుచేసి నగర నిధులను అందులోకి మళ్లించింది. 2012లో పట్టుబడేనాటికి కాజేసిన మొత్తం 5.37 కోట్ల డాలర్లు. ఆ డబ్బుతో ఆమె మేలుజాతి గుర్రాలు పెంచింది. అన్ని సంవత్సరాలూ నగర లెక్కలకు ఆడిట్ జరుగుతూనే ఉంది, నివేదికలు వస్తూనే ఉన్నాయి. చివరికి విషయం బయటపెట్టింది ఆడిటర్లు కారు. ఆమె సెలవులో ఉన్నప్పుడు పని చూసుకున్న సిటీ క్లర్క్ బ్యాంకు నుంచి స్టేట్‌మెంట్లన్నీ తెప్పించుకుంది, వాటిలో తెలియని ఖాతా ఒకటి కనపడింది. మేయర్ ఆ సంగతిని అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి చెప్పారు. 2013లో క్రండ్‌వెల్‌కు 19 ఏళ్ల 7 నెలల జైలు శిక్ష పడింది. అదే ఏడాది ఆడిట్ సంస్థలు, బ్యాంకు కలిసి నగరానికి 4 కోట్ల డాలర్లు ఇచ్చేలా రాజీ కుదిరింది.

డిక్సన్ నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. అక్కడ ఖాతా తెరవడం, చెక్కు రాయడం, లెడ్జర్‌లో ఎక్కించడం, బ్యాంకు లెక్కతో సరిచూడడం దాదాపు ఒక్క మనిషి చేతిలోనే ఉన్నాయి. మీ నగరంలోనూ అలాగే ఉంటే మీరు అడగాల్సిన ప్రశ్న అదే. మొదట "నగరం పేరుతో, నగర పన్ను గుర్తింపు సంఖ్యతో ఏయే బ్యాంకుల్లో ఎన్ని ఖాతాలు ఉన్నాయి?" అని అడగండి. జవాబు నగర ఉద్యోగుల నుంచి కాకుండా నేరుగా బ్యాంకుల నుంచి రావాలి.

మెట్టు 2: అడగడం, ఆదేశించడం, డబ్బు ఇవ్వడం

పేచీ అంతా ఈ మూడు మాటలు కలగలిసిపోవడంలో ఉంది. విడదీస్తే సగం వేడి చల్లారుతుంది.

అడగడానికి ప్రత్యేకంగా అధికారం అక్కర్లేదు. కౌన్సిలరైనా, వీధిలో పోయే పౌరుడైనా ఆర్థిక అధికారికి ఉత్తరం రాసి "దీన్ని పరిశీలించండి" అనవచ్చు. అవతలివాళ్లు చేయాలన్న నిర్బంధం మాత్రం ఉండదు.

ఆదేశించడం వేరు. ఆడిటర్‌ను నియమించడం, పని పరిధి నిర్ణయించడం, ఉద్యోగులు రికార్డులు ఇవ్వాలని చెప్పడం ఇందులోకి వస్తాయి. ఈ అధికారం దాదాపు ఎక్కడా ఒక్క సభ్యుడికి ఉండదు. ఉంటే కౌన్సిల్ అనే మొత్తానికి ఉంటుంది, లేదా చట్టం పేరుపెట్టి చెప్పిన అధికారికి ఉంటుంది. కౌన్సిల్ మాట్లాడేది ఓటుతోనే. ఏడుగురిలో నలుగురు టీ తాగుతూ ఒప్పుకున్నది కౌన్సిల్ నిర్ణయం కాదు. ఎజెండాలో పెట్టి, కోరం ఉన్న సభలో, చేతులెత్తి, మినిట్స్‌లో ఎక్కితేనే అది నిర్ణయం.

డబ్బు ఇవ్వడం మూడోది. ఆడిట్‌కు ఫీజు ఉంటుంది. బడ్జెట్‌లో ఆ పద్దు లేకపోతే "చేయించండి" అన్న తీర్మానం కాగితం మీదే మిగిలిపోతుంది. కొన్నిచోట్ల సిటీ మేనేజర్ ఫలానా మొత్తం దాకా సొంతంగా ఖర్చు చేయవచ్చు, దాటితే కౌన్సిల్ మంజూరు కావాలి. ఈ గీత ఎక్కడుందో తెలుసుకోండి. ఆడిట్‌కు అడ్డుపడేవాళ్లు మొదట పట్టుకునేది ఇదే.

నేను కొంతకాలం ఆడిట్ బృందాల వెంట తిరిగి పద్దులు చూశాను. ఎక్కువ రచ్చ చూసింది ఇక్కడే: ఒక సభ్యుడు ఉత్సాహం పట్టలేక నగరం నియమించిన ఆడిట్ సంస్థకు నేరుగా ఈ-మెయిల్ పంపుతారు. ఆ సంస్థ దాన్ని సిటీ మేనేజర్‌కు ఫార్వర్డ్ చేస్తుంది. వచ్చే సమావేశంలో చర్చ లెక్కల మీద కాకుండా ఆ ఈ-మెయిల్ మీద జరుగుతుంది. ఆయన అనుమానం నిజమే అయినా, అడిగిన దారి తప్పు కావడంతో అనుమానం పక్కకు పోతుంది.

మెట్టు 3: అధికారం ఎక్కడ రాసి ఉందో వెతకండి

పై నుంచి కింది వరకు చదవాలి, క్రమం మార్చకూడదు: రాజ్యాంగం లేదా రాష్ట్ర చట్టం, నగర చార్టర్ (నగర పాలన ఎలా ఉండాలో చెప్పే మూల పత్రం), నగరం చేసిన స్థానిక శాసనాలు, కౌన్సిల్ కార్యవిధాన నియమాలు, కొనుగోళ్ల నియమాలు. అన్నిటికన్నా కింద, ఎవరూ తెరిచి చూడని కాగితం ఒకటి ఉంటుంది. అది ఆడిట్ సంస్థతో చేసుకున్న ఒప్పంద పత్రం. దాన్ని తప్పక తెప్పించుకోండి. నగరం తరఫున సంతకం ఎవరిది, నివేదిక ఎవరికి ఇస్తారు, అదనపు పని ఎవరు అడగవచ్చు అనేవి అందులోనే ఉంటాయి.

చట్టంలో లేని అధికారం నగరానికి ఉంటుందా అన్నది దేశాన్ని బట్టి, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో అయోవా న్యాయమూర్తి జాన్ డిలన్ 1868లో చెప్పిన సూత్రం ఇప్పటికీ చాలా రాష్ట్రాల్లో నడుస్తోంది. చట్టం స్పష్టంగా ఇచ్చిన అధికారాలు, వాటి నుంచి తప్పనిసరిగా వచ్చేవి, నగరం ఉనికికి అత్యవసరమైనవి తప్ప నగరానికి వేరే అధికారాలు లేవనేది దాని సారం. అనుమానం ఉంటే నగరానికి లేనట్టే లెక్క. దీనికి ఎదురుగా హోమ్ రూల్ పద్ధతి ఉంది, 1875లో మిస్సోరీ రాజ్యాంగంతో మొదలైంది. అందులో నగరం తన చార్టర్ తానే రాసుకుంటుంది. మీ నగరం ఏ పద్ధతిలో ఉందో తెలియకుండా "మాకు అధికారం ఉంది" అనకండి, "లేదు" అని ఒప్పుకోనూ వద్దు.

కౌన్సిల్, మేనేజర్ పద్ధతి ఉన్న నగరాల్లో ఒక మెలిక ఉంటుంది. కౌన్సిలర్లు ఉద్యోగులకు నేరుగా ఆదేశాలివ్వకూడదు, ఏదైనా మేనేజర్ ద్వారానే వెళ్లాలి అని చార్టర్ చెబుతుంది. మేనేజర్లు ఈ నిబంధననే డాలులా పట్టుకుంటారు. అయితే అమెరికాలో చాలా నగరాలు నమూనాగా తీసుకునే చార్టర్‌లో ఇదే నిబంధనకు ఒక మినహాయింపు ఉంది: కౌన్సిల్ జరిపే విచారణల విషయంలో ఈ ఆంక్ష వర్తించదు. ఏటా స్వతంత్ర ఆడిట్ ఏర్పాటు చేయాల్సిందీ, అవసరమనిపిస్తే ఇంకా ఎక్కువసార్లు చేయించగలిగేదీ కౌన్సిలేనని ఆ నమూనా చెబుతుంది. మీ చార్టర్‌లో ఆ వాక్యాలు ఉన్నాయా లేదా అన్నదాన్ని బట్టే చాలా గొడవలు తేలిపోతాయి. డాలు చూపించినప్పుడు దాని కింది పంక్తి కూడా చదవమనండి.

అన్ని దేశాల్లో ఇలా ఉండదు. ఇంగ్లండ్‌లో స్థానిక సంస్థల బయటి ఆడిటర్ కౌన్సిల్ ఆదేశాలకు లోబడి ఉండరు. పరిధి వారే నిర్ణయించుకుంటారు. కౌన్సిల్ చేతిలో ఉండేది అంతర్గత ఆడిట్, ఆడిట్ కమిటీ. భారతదేశంలో 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన 243జడ్ అధికరణం మున్సిపాలిటీల లెక్కలు, ఆడిట్ ఎలా ఉండాలో రాష్ట్ర శాసనసభ చట్టం చేయవచ్చంది. కాబట్టి అక్కడ ప్రశ్నకు జవాబు ఆ రాష్ట్ర మున్సిపల్ చట్టంలో, ఆడిట్ చట్టంలో దొరుకుతుంది. కౌన్సిల్ తీర్మానం చేసి రాష్ట్రాన్ని ప్రత్యేక ఆడిట్ కోరడం ఒక పద్ధతి, తానే ప్రైవేటు ఆడిటర్‌ను పెట్టుకోవడం వేరే పద్ధతి. రెండోదానికి చట్టంలో ఆధారం చూపగలగాలి.

మెట్టు 4: నగర న్యాయవాది నుంచి రాతపూర్వక అభిప్రాయం

నోటిమాట తీసుకోకండి. "కౌన్సిల్‌కు ఆడిట్ అడిగే అధికారం ఉందా?" అని గుండుగుత్తగా అడిగితే జవాబూ గుండుగుత్తగానే వస్తుంది. ఇలా విడగొట్టి అడగండి: మెజారిటీ ఓటుతో కౌన్సిల్ ఆడిటర్‌ను నియమించడాన్ని ఏ నిబంధన అయినా నిషేధిస్తోందా? ప్రస్తుత ఆడిట్ సంస్థకు అదనపు పని అప్పగించాలంటే ఎవరి సంతకం కావాలి? ఉద్యోగులు రికార్డులు ఇవ్వకపోతే కౌన్సిల్ చేతిలో ఉన్న చర్య ఏమిటి? ప్రతి జవాబుకూ నిబంధన సంఖ్య రాయమనండి.

నగర న్యాయవాదికి క్లయింట్ నగరం అనే సంస్థే. మేయర్ వ్యక్తిగతంగా ఆయన క్లయింట్ కారు, మేనేజరూ కారు. కానీ ఆయనను ఉద్యోగంలో పెట్టేది, తీసేసేది మేనేజర్ అయితే, అదే మేనేజర్ ఆఫీసు మీద ఆడిట్ కోరుతున్నప్పుడు అభిప్రాయం ఇవ్వడం ఆయనకూ ఇబ్బందే. ఆ ఇబ్బందిని మర్యాదగా గుర్తుచేసి, ఈ ఒక్క విషయానికి బయటి న్యాయవాదిని పెట్టమని కోరవచ్చు. ఆరోపణలా కాకుండా ఆయనకు వెసులుబాటు ఇస్తున్నట్టు అడగండి. చాలామంది ఊపిరి పీల్చుకుని ఒప్పుకుంటారు.

మెట్టు 5: ఉన్న నివేదికలు ముందు చదవండి

ఈ పని చేసేవాళ్లు తక్కువ. ఏటా ఆడిటర్ ఇచ్చే అభిప్రాయంతో పాటు, అంతర్గత నియంత్రణల్లో కనపడిన లోపాల గురించి విడిగా ఒక ఉత్తరం కూడా ఇస్తారు. చాలా కౌన్సిళ్లలో అది మేనేజర్ బల్ల దగ్గరే ఆగిపోతుంది. గత ఐదేళ్ల ఉత్తరాలు తెప్పించి పక్కపక్కన పెట్టండి. ఒకే లోపం మూడేళ్లు వరసగా కనపడితే, కొత్త ఆడిట్‌కు అంతకన్నా మంచి కారణం దొరకదు. మీ అనుమానాన్ని మీరు చెప్పనక్కర్లేదు, వాళ్ల ఆడిటరే చెప్పినట్టవుతుంది.

అమెరికాలో ఫెడరల్ నిధులు ఒక స్థాయికి మించి ఖర్చు చేసే నగరాలకు 1984 చట్టం ప్రకారం సింగిల్ ఆడిట్ తప్పనిసరి, అంటే నగర లెక్కలు, ఫెడరల్ నిధుల ఖర్చు రెండూ కలిపి ఒకే ఆడిట్‌లో చూస్తారు. ఆ స్థాయి చాలాకాలం ఏడాదికి 7.5 లక్షల డాలర్లుగా ఉండేది. 2024 అక్టోబర్ 1న గానీ, ఆ తర్వాత గానీ మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకు దాన్ని 10 లక్షల డాలర్లకు పెంచారు. ఈ నివేదికలు ఆన్‌లైన్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. భారతదేశంలో అయితే సమాచార హక్కు చట్టం కింద ఆడిట్ నివేదికలు, పేరాలు (ఆడిటర్ రాసిన అభ్యంతరాలు), వాటికి మున్సిపాలిటీ పంపిన జవాబులు అడగవచ్చు. జవాబు పంపని పేరాల జాబితా అడగడం మరిచిపోకండి.

మెట్టు 6: తీర్మానం రాయండి

ఎవరినీ నిందించని తీర్మానమే నెగ్గుతుంది. "అవినీతి", "అవకతవకలు" లాంటి మాటలు తీర్మానంలోకి రానివ్వకండి. అవి వచ్చిన క్షణాన ఓటు ఆడిట్ మీద కాకుండా మేయర్ పరువు మీద పడుతుంది. నమూనా ఒకటి:

"చార్టర్‌లోని ఫలానా నిబంధన కింద ఉన్న అధికారంతో కౌన్సిల్ ఇలా తీర్మానిస్తోంది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు నీటి నిధి వసూళ్లు, బదిలీలు, చెల్లింపుల మీద స్వతంత్ర తనిఖీ జరపాలి. పని పరిధి ఈ తీర్మానానికి జతచేసిన అనుబంధంలో ఉంది. నగరంతో గత మూడేళ్లలో ఎలాంటి ఒప్పందం లేని సంస్థనే ఎంపిక చేయాలి. ఖర్చు ఫలానా మొత్తానికి మించకూడదు, అది ఫలానా బడ్జెట్ పద్దు నుంచి చెల్లించాలి. నివేదికను ఆడిటర్ కౌన్సిల్ సభ్యులందరికీ ఒకేసారి అందజేయాలి. ఈ తీర్మానం తేదీ నుంచి సంబంధిత రికార్డులు, ఈ-మెయిళ్లు, కంప్యూటర్ లాగ్‌లు తొలగించరాదు."

ఇందులో మూడు వాక్యాలను కాపాడుకోవాలి. ఒకటి ఖర్చు పరిమితి, అది లేకపోతే "అంత డబ్బు ఎక్కడిది" అనే ఒక్క మాటతో వీగిపోతుంది. రెండోది నివేదిక అందరికీ ఒకేసారి చేరడం. చిత్తు నివేదిక ముందు మేనేజర్‌కు చేరితే, కౌన్సిల్‌కు చేరేసరికి పళ్లూడిన పామవుతుంది. వాస్తవాల్లో తప్పులుంటే సరిచేసే అవకాశం అధికారులకు ఇవ్వాలి, అది న్యాయం. కానీ వాళ్ల జవాబు నివేదిక పక్కన అచ్చవ్వాలే గానీ నివేదిక లోపలికి దూరకూడదు. మూడోది రికార్డుల భద్రత. ఎందుకో చెప్పక్కర్లేదు.

మెట్టు 7: సభ నడిచేటప్పుడు

ముందు మీ సొంత ఇల్లు చక్కబెట్టుకోండి. ఆడిట్ పరిధిలో మీ బంధువుల కాంట్రాక్టు ఏదైనా ఉంటే వెల్లడించి ఓటింగ్‌కు దూరంగా ఉండండి. మద్దతు కూడగట్టేటప్పుడు జాగ్రత్త. బహిరంగ సమావేశాల చట్టం ఉన్నచోట, ఉదాహరణకు కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ చట్టం కింద, మెజారిటీ సభ్యులు సభ బయట ఒకరి తర్వాత ఒకరు ఫోన్లలో, ఈ-మెయిళ్లలో చర్చించి ఒక నిర్ణయానికి రావడం కూడా ఉల్లంఘనే. పారదర్శకత కోసం తెచ్చిన తీర్మానం చాటుమాటు మంతనాల వల్ల కొట్టుకుపోతే అంతకన్నా ఇరకాటం ఇంకొకటి ఉండదు.

సభలో వినపడే అభ్యంతరాలు దాదాపు అన్నిచోట్లా ఒకేలా ఉంటాయి. "ఇది పరిపాలన విషయం, కౌన్సిల్‌ది విధానం మాత్రమే" అంటారు. బడ్జెట్ ఆమోదించిన సభే ఆ డబ్బు ఎలా ఖర్చయిందో చూడాలని, పర్యవేక్షణ అంటే అదేనని చెప్పండి. "ఉద్యోగుల నైతిక స్థైర్యం దెబ్బతింటుంది" అంటారు. పరిధి ఫలానా వ్యక్తి మీద కాక ఫలానా నిధి మీద ఉందని అనుబంధం చూపండి. "ఎన్నికల ముందు రాజకీయం" అంటారు. ఇందులో ఒక్కోసారి నిజం ఉంటుంది, ఒప్పుకుందాం. అలాంటప్పుడు నివేదిక గడువును ఎన్నికల తర్వాతకు జరపడానికి మీరే ముందుకు రండి. అవతలివాళ్ల నోట మాట రాదు.

ఓటులో ఓడిపోతే అసమ్మతి నోట్ రాసి మినిట్స్‌లో చేర్పించండి. రెండేళ్ల తర్వాత విషయం బయటపడితే, ఎవరు ఏ రోజు ఏం అడిగారో ఆ కాగితమే చెబుతుంది.

మెట్టు 8: సభ తలుపు మూసుకుంటే బయటి తలుపులు

కౌన్సిలే సమస్య అయినచోట కౌన్సిల్‌ను ఆడిట్ అడగడం వల్ల లాభం లేదు. కాలిఫోర్నియాలోని బెల్ నగరం అందుకు ఉదాహరణ. 2010లో పత్రికలు బయటపెట్టేదాకా అక్కడ సిటీ మేనేజర్ రాబర్ట్ రిజో జీతం ఏడాదికి దాదాపు 8 లక్షల డాలర్లు, పార్ట్‌టైమ్ కౌన్సిల్ సభ్యుల్లో చాలామందికి దాదాపు లక్ష డాలర్లు. ఆ తర్వాత లెక్కలు తవ్వింది రాష్ట్ర కంట్రోలర్ కార్యాలయం. లబ్ధి పొందిన చేతులే ఆడిట్‌కు ఓటు వేస్తాయని ఎవరు ఎదురుచూస్తారు?

మిస్సోరీలో నిర్ణీత సంఖ్యలో ఓటర్లు సంతకాలు చేసి పిటిషన్ ఇస్తే రాష్ట్ర ఆడిటర్ ఆ నగరాన్ని ఆడిట్ చేస్తారు. ఫీజు మాత్రం నగరమే కట్టాలి, కాబట్టి సంతకాలు సేకరించేటప్పుడే ఆ మాట జనానికి చెప్పండి. ఇంగ్లండ్‌లో 2014 నాటి స్థానిక ఆడిట్ చట్టం కింద ఏటా 30 పనిదినాల గడువులో ఎవరైనా ఆసక్తి ఉన్నవాళ్లు లెక్కలు, బిల్లులు, ఒప్పందాలు చూడవచ్చు. ఆ ప్రాంత ఓటరైతే ఆడిటర్‌ను ప్రశ్నించవచ్చు, ఫలానా పద్దు చట్టవిరుద్ధమని అభ్యంతరం దాఖలు చేయవచ్చు. గడువు దాటితే ఏడాది ఆగాలి.

అంతకు ముందటి చట్టంలోనూ ఉన్న ఆ అభ్యంతరం హక్కు ఉత్తుత్తిది కాదనడానికి లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ ఉదంతం ఉంది. 1980ల చివర్లో ఆ కౌన్సిల్ నాయకురాలు షర్లీ పోర్టర్ హయాంలో, ఓట్లు కలిసొచ్చే వార్డుల్లో కౌన్సిల్ అద్దెకిచ్చే సొంత ఇళ్లు అమ్మే పథకం పెట్టారు. కొందరు ఓటర్లు 1989లో ఆడిటర్‌కు అభ్యంతరం ఇచ్చారు. ఆడిటర్ జాన్ మాగిల్ ఏళ్ల తరబడి విచారించి, పథకం చట్టవిరుద్ధమని, నష్టాన్ని బాధ్యులే కట్టాలని 1996లో తుది నిర్ణయం చెప్పారు. 2001లో అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని సమర్థించింది. 2004లో పోర్టర్ 1.23 కోట్ల పౌండ్లు కట్టి రాజీ చేసుకున్నారు. అభ్యంతరం ఇచ్చిన రోజు నుంచి లెక్కేస్తే పదిహేనేళ్లు. ఓపిక లేనివాళ్లు ఈ తలుపు తట్టకపోవడమే మంచిది.

ఇదే కేసులో ఆడిటర్ చేసిన ఒక పొరపాటు కూడా గుర్తుపెట్టుకోవాలి. తుది నిర్ణయానికి రెండేళ్ల ముందే ప్రెస్ మీట్ పెట్టి తాత్కాలిక అభిప్రాయాలు ప్రకటించారు. ఆయన ముందే మనసులో తీర్పు ఇచ్చేసుకున్నారని అవతలివాళ్లు కోర్టులో వాదించారు. ఆ వాదన నెగ్గలేదు కానీ ప్రెస్ మీట్ పెట్టకుండా ఉండాల్సిందని న్యాయమూర్తులు అన్నారు. కౌన్సిలర్‌గా మీకూ అదే వర్తిస్తుంది. ఆడిట్ మొదలయ్యాక మైకు దొరికిందని మాట్లాడకండి.

ఒక జాగ్రత్త. చేతిలో ఉన్నది అనుమానం కాక ఆధారమే అయితే, దొంగ బిల్లు, తెలియని ఖాతా లాంటివి దొరికితే, తీర్మానాల దారి వదిలేయండి. నేరుగా పోలీసుల దగ్గరకో దర్యాప్తు సంస్థ దగ్గరకో వెళ్లండి. డిక్సన్‌లో మేయర్, క్లర్క్ చేసింది అదే. నెలల తరబడి నోరు మెదపలేదు, ఈలోగా ఎఫ్‌బీఐ తన పని తాను చేసుకుంది. సభలో చర్చ పెట్టి ఉంటే మర్నాటికి కాగితాలు మిగిలేవి కావు.

మెట్టు 9: కోర్టు

చార్టర్‌కు ఇరువైపులా రెండు అర్థాలు చెబుతూ ఎవరూ తగ్గనప్పుడు, అధికారం ఎవరిదో ప్రకటించమని కోర్టును కోరవచ్చు. ఖర్చూ కాలమూ బాగా పడతాయి, పైగా రెండు పక్షాల లాయర్ల ఫీజూ తరచుగా ఒకే నగర ఖజానా నుంచి పోతుంది. నన్నడిగితే ఇది ఆఖరి దారి.

ప్రజల ఓటు కూడా ఈ పేచీని ఒక్క దెబ్బకు తీర్చకపోవచ్చు. నగరం కాకపోయినా మసాచుసెట్స్ సంగతి ఇందుకు సరిగ్గా సరిపోతుంది. రాష్ట్ర శాసనసభను ఆడిట్ చేసే అధికారం తనకుందని రాష్ట్ర ఆడిటర్ డయానా డిజోగ్లియో అన్నారు. అది అధికారాల విభజనకు విరుద్ధమని శాసనసభ నాయకులు అన్నారు. 2024 నవంబర్‌లో ప్రశ్న నేరుగా ఓటర్ల ముందుకు వెళ్లింది, 70 శాతానికి పైగా ఆడిట్‌కు అవునన్నారు. అయినా శాసనసభ తలొగ్గలేదు, గొడవ ఆ తర్వాతా కొనసాగింది. చట్టంలో "ఆడిట్ చేయవచ్చు" అని రాస్తే చాలదు. రికార్డులు ఎవరు ఇవ్వాలి, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే ఏమవుతుంది అనేవీ రాయాలి. మీ నగరంలో చార్టర్ సవరించే అవకాశం వస్తే ఆ మూడూ ఉండేలా చూసుకోండి.

మెట్టు 10: నివేదిక వచ్చాక

అందరూ అలిసిపోయేది ఇక్కడే. నివేదికలోని ప్రతి లోపానికీ ఒక వరస ఉన్న పట్టిక తయారు చేయించండి: లోపం, బాధ్యుడైన అధికారి, గడువు, ప్రస్తుత స్థితి. మూడు నెలలకోసారి అది ఎజెండాలో దానంతటదే రావాలని తీర్మానంలో చేర్చండి, ఎవరో గుర్తుచేయాల్సిన పని ఉండకూడదు. వీలైతే ఇద్దరు కౌన్సిలర్లు, లెక్కలు తెలిసిన ఒక బయటి వ్యక్తితో ఆడిట్ కమిటీ వేసి, ఇకపై ఆడిటర్ ఎంపిక, ఏటా వచ్చే లోపాల ఉత్తరం రెండూ నేరుగా ఆ కమిటీకే వచ్చేలా స్థానిక శాసనం చేయండి. అది ఒకసారి రాసి ఉంటే, వచ్చే ఏడాది ఎవరైనా లేచి ఆడిట్ అడిగినప్పుడు మేయర్ చేయాల్సింది ఆ కమిటీ తర్వాతి సమావేశం తేదీ చెప్పడమే.

నివేదికలో ఏ లోపమూ లేదని వస్తే, ఆ సంగతిని సభలో మీరే మొదట చెప్పండి.